తాతకు పోసిన నీళ్లు

తల్లి బుచ్చమ్మ పోయి నెల కూడా కాకముందే రజిత బడికి వచ్చేసింది. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూసింది, రాలేదు. హఫీజ్‌పేట్‌లో పొద్దున్నే వండుకోవడం, షేర్ ఆటోలో కొత్తగూడ చేరడం, ఫ్లైఓవర్ పక్క బిల్డింగులో మూడో అంతస్తు ఎక్కి ఆరో తరగతికి సైన్సు చెప్పడం. ఇవన్నీ ఎవరో చేస్తుంటే తను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది.

ఆ రోజు పాఠం, నీళ్లు దేనితో తయారవుతాయని. పన్నెండేళ్లుగా చెబుతున్నదే కాబట్టి నోరు దానంతటదే పలుకుతోంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, చిటికెడు వంటసోడా కలిపి, రెండువైపులా చెక్కిన పెన్సిళ్లు ముంచి, బ్యాటరీ తీగలు తగిలించింది. రెండు పెన్సిళ్ల మొనల దగ్గరా బుడగలు లేచాయి. ఎక్కువ బుడగలు వచ్చేవైపు హైడ్రోజన్, తక్కువ వచ్చేవైపు ఆక్సిజన్ అని చెప్పింది. పిల్లలు బల్ల చుట్టూ మూగారు.

అందరూ వెళ్లి కూర్చున్నా తేజస్విని మాత్రం కదలలేదు. "మ్యామ్, నీళ్లల్లో ఆక్సిజన్ ఉంది కదా. ఎక్కువ తాగితే ఊపిరి బాగా ఆడుతుందా?"

ఆడదని చెప్పింది రజిత. నీళ్లలో ఆక్సిజన్, హైడ్రోజన్‌తో గట్టిగా కలిసిపోయి ఉంటుందని, మన ఊపిరితిత్తులు దాన్ని విడదీయలేవని వివరించింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. గంట కొట్టాక కూడా బెంచీ దగ్గరే నిలబడింది.

అడిగితే మెల్లగా బయటపెట్టింది. మియాపూర్‌లో వాళ్లింట్లో తాత గోవిందప్ప గుండెజబ్బుతో మంచం మీద ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. రోజుకు లీటరుకు మించి నీళ్లివ్వొద్దన్నారు డాక్టర్లు. ఈ పాఠం ముందే చదివేసిన తేజస్విని, నీళ్లిస్తే తాతకు మేలనుకుని నాలుగు రోజులుగా తన స్కూలు బాటిల్లోవి దొంగచాటుగా తాగిస్తోంది. నిన్నటి నుంచి ఆయన కాళ్లు ఉబ్బాయి.

రజిత వెంటనే పిల్ల తల్లికి ఫోన్ చేసింది. రమ్య ఆఫీసు మీటింగులో ఉంది, మూడోసారికి ఎత్తింది. విషయం విని, ఇప్పుడే బయలుదేరుతున్నానంది.

"నేనే చేసినానా మ్యామ్?"

"నీకు తెల్వక చేసినవ్. తెలిసినంక దాచలేదు. గా పని మంచిగ చేసినవ్."

"తాత మళ్లీ నీళ్లడిగితే?"

రజిత తల్లి బుచ్చమ్మదీ ఇదే జబ్బు. దవాఖానలో ఉన్న నాలుగు రోజులూ జర నీళ్లియ్యి బిడ్డా అని అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ రజిత వరండాలోకి వెళ్లి నిలబడేది.

"దూది తడిపి పెదాలకు అద్దు," అంది రజిత. "పక్కకే కూసో. లేసి పోకు."

ఆ సాయంత్రమే గోవిందప్పను దవాఖానలో చేర్చారు. ఒంట్లో చేరిన నీరు దిగడానికి మందులిచ్చి, రెండు రోజులయ్యాక ఇంటికి పంపారు.

వారం తర్వాత రమ్య బడికి వచ్చింది. తన కూతురు రోజూ తాత దగ్గర కూర్చుంటోందని చెప్పింది, మీరు ఫోన్ చేయకపోతే ఏమయ్యేదోనంది. రజిత తలూపింది. ఏదో ఒకటి అనాలి కదా అనుకుంది.

"మా అమ్మకు గూడ గిదే జబ్బుండె. పోయిన నెల చనిపోయింది."

ఆ మాట తన నోటితో ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. రమ్య హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని పక్కనే బెంచీ మీద కూర్చుంది. తర్వాతి గంట కొట్టేదాకా లేచి వెళ్లలేదు. గంట కొట్టాక రజిత లేచి, చాక్‌పీసులు తీసుకుని ఏడో తరగతికి వెళ్లింది.