చీర అంచులో పేరు

మొన్న జనగామ బస్టాండులో కూర్చున్నప్పుడు, పక్కన పల్లీలు వలుచుకుంటున్న ఆమె ఫోనులోంచి మా అక్క గొంతు వినిపించింది. తొంగి చూశాను. తెరమీద ఆల్బం అట్ట, గోరంత బొమ్మ. కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చాను. అయినా కింద రెండు పేర్లు చదవగలిగాను. ఆ రెండో పేరు కోసం నిరుడు జరిగింది గుర్తొచ్చి, పాట అయ్యేదాకా కదలలేదు. నా బస్సు వెళ్లిపోయింది.

అక్క పోయాక, సంవత్సరీకం నాటికి ఆమె నాటు పాటలను ఆల్బంగా ఇంటర్నెట్‌లో పెడదామన్నాడు బావ. మహబూబాబాద్ దగ్గరి మా పొలాల్లో, వరి నాట్లు వేస్తుండగా ఫోనులో పట్టిన పాటలవి. నడుం వంచి నాటుతూ పాడేవాళ్లకు ఊపిరి చాలదు. అందుకే ఒకరు ఎత్తుకుంటారు, చరణం చివర ఇంకొకరు అందుకుంటారు. అక్క పాటను అందుకునేది పక్క లంబాడా తండా ఆమె. వాళ్ల ఇంటి భాష వేరు, పాట మాత్రం తెలుగే. అక్కను అక్కా అని పిలిచేది గనుక మా బావను బావా అనేది. ఆ వరస ఆయనకు ఎన్నడూ నచ్చలేదు. నా అనుమానానికి మొదలు అక్కడే.

అట్టను భూపాలపల్లిలో ఫ్లెక్సీలు చేసే దుకాణంలో వేయించాడు. చందమామలో అక్క ముఖం, భుజం మీద పూల అంచు చీర, చుట్టూ పావురాలు, నీలం రంగు వరి. అందంగానే ఉంది. అందమైనదేదైనా ఏదో దాస్తోందనిపించడం నా జబ్బు. అక్క పేరు పెద్దగా ఉంది. ఇవి ఏ పాటలో, ఎవరు అందుకున్నారో లేదు.

"రెండో పేరేది బావా?"

"ఉన్నది మరదలా. చీర అంచుల పూలతోని కలిపి రాయించిన. జర పెద్దగ చేసి చూడు. పుస్తకాలు సదివి సదివి నీకు అన్నిట్ల అనుమానమే."

వేళ్లతో లాగి చూస్తే నిజమే, తీగల మధ్య అక్షరాలున్నాయి. గోరంత బొమ్మలో అవి ఎవరికి కనబడతాయి? కళ కోసం చేశాడా, కనబడకూడదని చేశాడా?

సంవత్సరీకం ముందురోజు తండా ఆమె వచ్చింది. బావ ఫోను చూపించాడు. అక్క ముఖం చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత అడిగింది.

"నా పేరేడున్నది?"

"గిదిగో, చీర అంచుల."

"నాటేసేటప్పుడు అంచు నడుముల దోపుకుంటం గద బావా. నా పేరు గూడ దోపినవా?"

నాకు నవ్వు ఆగలేదు. బావకు రాలేదు. "పెద్దగ రాస్తే బొమ్మ అందం పోతది" అన్నాడు.

"అయితే పేరు వద్దు తియ్యి. అక్క ఊపిరి తీసుకున్న కాడల్ల నా గొంతున్నది. గది గూడ తీసెయ్యి. అప్పుడు అందం జూద్దాం."

అక్క పోయాక మొదటిసారి బావ వాటిలో ఒక పాట పెట్టుకుని విన్నాడు. చరణం చివర అక్క గొంతు ఆగింది. ఆ సందులో ఈమె గొంతు వచ్చింది. ఆయన లేచి వాకిట్లోకి పోయి దుకాణానికి ఫోను చేశాడు. "పావురాలు తీసెయ్యి. చందమామ గూడ."

ఇప్పుడు అట్ట మీద అక్క ముఖం, 'నాటు పాటలు' అన్న మాట, ఒకే కొలతలో రెండు పేర్లు: ఎత్తుకున్నది, అందుకున్నది. బావ అప్పుడు అలంకరించాడా, దాచాడా అని నేను అడగలేదు. అడిగినా ఆయన మాట నమ్మేదాన్ని కాదు.

బస్టాండులో అక్క ముఖం మసకగా కనిపించింది. అద్దాలున్నా, కళ్లు మూసుకుని తలుచుకున్నా ఈ మధ్య అంతే. కాలం ముందు ముఖాన్నే తీసుకుపోతుంది. అక్క ఊపిరి తీసుకున్న చోటు మాత్రం ఇంకొకరు అందుకోవడం వల్ల ఇంకా అక్కడే ఉంది.