అక్క ఫోన్ ఎత్తిన ఆమె

ఐర్లాండ్‌లో దిగిన కొత్తలో సిమ్ కార్డు కోసం ఒక దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక కూర్చున్నావిడ ఓపికగా మూడు ప్లాన్లు చూపించింది. డేటా మాత్రమే ఉన్నది చవక. ఇండియాకు మాట్లాడే నిమిషాలు కలిపి ఇచ్చేది ఖరీదు. డేటాతో పాటు మామూలు కాల్స్ కూడా వచ్చేది నడిమి రకం. "మీ వాళ్లతో నెలకు ఎంతసేపు మాట్లాడతావు?" అని అడిగింది. ఏం చెప్పను? మేం మాట్లాడుకోం. మాకు మిస్డ్ కాల్ చాలు. ఎత్తని ఫోన్ కోసం ప్లాన్ కావాలని ఇంగ్లీషులో ఎలా అడగాలో నాకు చేతకాలేదు.

మేం అంటే నేనూ మా అక్కా. నాన్న ముందే పోయాడు. అమ్మ కూడా పోయాక హత్నూర దగ్గరి మా ఊరు వదిలి కాజీపల్లికి వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాం. అక్క మందుల కంపెనీలో మాత్రల ప్యాకింగ్‌కు వెళ్లేది. నాకు జడలు వేసింది, నన్ను తిట్టింది, చదివించింది. తన పెళ్లి మాట ఎత్తినవాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా సాగనంపింది.

ఆ కంపెనీలో ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీకి అప్పజెప్పి టోకెన్ తీసుకోవాలి. పోతే పోయిందనుకోవడానికి అక్క ఎప్పుడూ బటన్ల ఫోనే వాడేది. షిఫ్టు దిగి ఫోన్ చేతికి రాగానే నాకు ఒక రింగిచ్చి కట్ చేసేది. బయల్దేరాను, బియ్యం పొయ్యి మీద పెట్టు అని దాని అర్థం. రెండుసార్లు మోగితే ఓవర్‌టైమ్ పడింది, నువ్వు తినెయ్ అని. కాజీపల్లిలో సగం ఇళ్లలో ఆ రింగులను బట్టే అన్నం ఉడుకుతుంది.

నేను విమానం ఎక్కే రోజు అక్క ఏడవలేదు. "నువ్వు ఆడ బియ్యం పెట్టకున్నా సరే, నేనైతే గేటు కాడ రింగిస్త. ఎత్తకు. ఎత్తితే బ్యాలెన్స్ పోతది" అంది.

అందుకే నడిమి ప్లాన్ తీసుకున్నాను. అందులో వాయిస్ మెయిల్ కూడా ఉందని, దానికి వేరే డబ్బులక్కర్లేదని దుకాణం ఆవిడ చెప్పింది. అదేమిటో నాకు సరిగ్గా తెలియదు. మన దగ్గర దాన్ని వాడినవాళ్లను నేను చూడలేదు. ఊరికే వస్తుంటే వద్దనేదెవరు? తలూపి వచ్చేశాను.

మొదట్లో రింగులు వచ్చాయి. అక్క మొదటి షిఫ్టు దిగేసరికి అక్కడ నాకు పొద్దున. ఫోన్ మోగి ఆగిపోగానే ఆమె గేటు దాటి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, లారీల పక్క నుంచి గది వైపు నడవడం నాకు కనిపించేది. తరవాత రోజూ సరిగ్గా ఆ వేళకే ల్యాబు క్లాసులు మొదలయ్యాయి. ఫోన్ ఆపేసి లాకర్‌లో పెట్టి లోపలికి పోవాలి. అక్కకు గేటు, నాకు లాకర్. బయటికి వచ్చి ఆన్ చేస్తే అక్క నంబరు ఉండేది కాదు. ఫోన్ కంపెనీ వాడి మెసేజ్ ఒకటి మాత్రం ఉండేది. కాలర్ ట్యూన్ పెట్టుకో, ఆఫర్ అయిపోతోంది అని ఇక్కడ రోజూ విసిగించే మెసేజ్‌లు చూసి పెరిగినదాన్ని, కంపెనీ పంపింది చదివే అలవాటు నాకెక్కడిది? తెరవకుండానే వదిలేసేదాన్ని.

అక్క రింగివ్వడం మానేసిందనుకున్నాను. బ్యాలెన్స్ చాలడం లేదేమోనని ఒక రోజు సర్దిచెప్పుకునేదాన్ని. మరో రోజు ఒళ్లు మండేది. రోజుకు ఒక్క రింగు, అదీ ఎత్తని రింగు, అంత బరువైపోయానా నేను? అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. తనంతట తను చెప్పాలని నా పట్టుదల.

ఆదివారాలు మాత్రం పక్కగది వదిన ఫోన్‌లో వీడియో కాల్ ఉండేది. వదినదీ అదే కంపెనీ. ఆ చిన్న తెర ముందు అక్క ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయేది. తిన్నవా అంటే తిన్న, చలి ఉందా అంటే ఉంది, అంతే మా సంభాషణ. ఒక ఆదివారం ఉన్నట్టుండి "గా తెల్లామె మంచిది పిల్లా. మస్తు ఓపిక" అంది. అక్కడ నేనుండే ఇంటి ఓనరమ్మ ఒకసారి వీడియోలో అక్కకు చెయ్యి ఊపింది. ఆమె గురించే అనుకుని, మంచిదే అన్నాను. అక్క తృప్తిగా తలాడించింది.

చలికాలం చివర్లో, ఇక ఈ ప్లాన్ ఎవరి కోసం అనిపించింది. చవకదానికి మారిపోదామనుకున్నాను. ఇంతలో పరీక్షలొచ్చి ఆ పని పక్కకు పోయింది.

ఆఖరి పరీక్ష రాసిన మర్నాడు వదిన ఫోన్ చేసింది. అక్క షిఫ్టు దిగి గేటు బయట కూలబడిందట. ఆటోలో పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదట. గుండె అన్నారు.

నేను వచ్చేసరికి అక్క మట్టిలో ఉంది. గదిలో తీగ మీద ఆమె ఉతికి ఆరేసుకున్న యూనిఫాం ఎవరూ తీయక అలాగే వేలాడుతోంది. దాన్ని పట్టుకుని గొంతు పోయేదాకా ఏడ్చాను. ఆమె మీద కోపం కూడా పోలేదు. ఇన్ని నెలలు ఒక్క రింగైనా ఇవ్వకుండా ఎలా ఉండగలిగావని ఆ బట్టనే నిలదీశాను.

మరునాడు అక్క పడిపోయిన చోటు చూపించమని వదినను అడిగాను. గేటు పక్కన ప్రహరీ గోడ, దాని కింద ఒక సిమెంటు దిమ్మె.

"గీడనే కూసునేది పిల్లా. షిఫ్టు దిగినంక రోజు గీడనే ఫోన్" అంది వదిన.

"ఎవరికి వదినా?"

"ఎవరికేంది, నీకే. నువ్వు క్లాసుల ఉంటవు గద, నీ ఫోన్ తెల్లామె ఎత్తుతదట. రింగు గాకముందే ఎత్తుతదట, ఇగ కట్ చేసేదేడిది. ఏదో ఇంగ్లీషుల చెప్పి కుయ్ మంటదట. ఆ తర్వాత మనం ఎంత చెప్పినా ఎదురు మాట్లాడదట. మీ అక్కకు మస్తు నచ్చింది ఆమె. ఉన్న బ్యాలెన్సంత ఆమెకే పెడుతున్నవని మేం నవ్వుతుంటిమి."

ఆ దిమ్మె మీదే కూర్చుండిపోయాను. వాయిస్ మెయిల్. ఆపేసిన ఫోన్‌కు బదులు పలికి, చెప్పిన మాటలు రికార్డు చేసి ఉంచే మెషీన్ గొంతును మా అక్క మనిషి అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? మన దగ్గర ఫోన్‌లో పలికి, చప్పుడు చేయకుండా మన మాట వినే మెషీన్ ఎక్కడుంది?

మార్చడం మరిచిపోయిన ఆ ప్లాన్ ఇంకా నడుస్తోంది. తెరవని ఫోన్ కంపెనీ మెసేజ్‌లలో ఒకటి తెరిచి, అందులోని నంబరుకు ఫోన్ చేశాను. ఆ తెల్లామే ఎత్తింది. కొన్నాళ్లు దాటిన మాటలు వాటంతటవే చెరిగిపోతాయట. చలికాలమంతా అక్క చెప్పినవి అలా పోయాయి. మూడు మిగిలాయి.

"అమ్మా, మా చెల్లె ఉన్నదా? లేదా, సరే. నేను షిఫ్టు దిగిన అని చెప్పు. ఇయ్యాల టమాట తొక్కు నూరుత. దానికి గదంటే పాణం."

"అమ్మా, నేనే. మా చెల్లె సలికి స్వెటర్ ఏసుకుంటున్నదా జెర సూడు. సెప్తే ఇనదు. కోపం ముక్కు మీద ఉంటది గానీ మంచి పిల్ల. నువ్వేం అనుకోకు."

మూడోది నా పరీక్షల నాటిది. ముందు చాలాసేపు లారీ హారన్లు, అక్క ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. తరవాత గొంతు తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, ఇయ్యాల చెల్లెను పిలవకు. నీతోనే పని. నాకు కొన్ని దినాల సంది ఛాతిల నొస్తున్నది. ఎడమ చెయ్యి గుంజుతున్నది. ఈడ ఎవ్వరికి చెప్పలే. చెప్తే పనికి రానియ్యరు. దానికేమో పరీక్షలు, తెలిస్తే అన్నీ ఇడిసిపెట్టి ఉరికొస్తది. ఎవరికన్న చెప్పుకోవాలె గద, అందుకే నీకు చెప్తున్న. నువ్వైతే కడుపుల దాసుకుంటవు. మా చెల్లెకు మాత్రం చెప్పకు."

ఆమె చెప్పలేదు.