బియ్యంలో రాసిన బ్రిటిష్ పేరు

తమ్ముడి కొడుక్కి పేరు పెట్టే హక్కు మేనత్తగా నాది. మా గొల్లపల్లిలో అప్పటికే ముగ్గురు రాములున్నారు. ఎవరికీ లేని పేరు పెట్టాలని, మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు కనుక దోర్నపాల్ సంతకెళ్ళిన రోజు ఫోన్లో అరుదైన బ్రిటిష్ పేర్ల జాబితా తెరిచాను. 'కామెరాన్' తెగ నచ్చింది. దాని అర్థం చదివేలోపే సిగ్నల్ పోయింది. వినడానికే ఇంత గొప్పగా ఉంది కదా అని, ఇంటికొచ్చి 'మహావీరుడు' అని చెప్పేశాను.

బారసాల నాడు పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాస్తున్నాను. పిల్లాడి మేనమామ వస్తూ వస్తూ భద్రాచలంలోనే దాని అర్థం వెతికి, ఫోన్లో ఫొటో తీసుకొచ్చాడట.

"వదినా, ఇది స్కాట్లాండోళ్ళ పాత భాషంట. దీనర్థం వీరుడు కాదు, వంకర ముక్కు!" అని అందరి ముందూ చదివాడు.

అందరూ ముందు పిల్లాడి ముక్కు చూశారు. తర్వాత తమ్ముడిది, ఆ తర్వాత నాది. మా వంశంలో ముక్కులన్నీ ఎడమకే తిరిగి ఉంటాయి.

పిల్లాడి అమ్మమ్మ బుగ్గన వేలేసుకుని, "ఏంది వదినా, మీ ముక్కుల సంగతి ఆ దేశందాక ఎట్ల పోయింది?" అని మా అమ్మను అడిగింది.

అమ్మ ఉరిమి చూసి, నా చేతిలో ఉంగరం లాక్కుంది. బియ్యం సర్ది 'రాము' అని రాసేసింది. ఊళ్ళో వాడు నాలుగో రాము.

ఇప్పుడు వాడికి మూడేళ్ళు. మొన్న నా ఎదురుగా కూర్చుని మామిడిపండు తింటుంటే తేరిపార చూశాను. ముక్కు మెల్లగా ఎడమకి తిరుగుతోంది. నేను పెట్టిన పేరే సరైనదని ఇంట్లో చెప్పే ధైర్యం లేక, మీకు రాస్తున్నాను.