యోసేపుని మూలన కూర్చోబెట్టిన ఫొటో

పరదేశంలో నోవై అనే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు వంట రాదు గానీ, కెమెరా ఉండేది. బ్రహ్మచారి దగ్గర కెమెరా ఉండటం ఎంత ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలియదు. మా టీమ్‌లో సీనియర్‌ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ప్రతి ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. వదిన చేసే గుత్తివంకాయ కూర కోసం వారమంతా ఫ్రోజెన్ పిజ్జాలు భరించేవాణ్ణి. ఆ చలికాలం వాళ్ళకి బాబు పుట్టాడు. బారసాలకి ఫొటోలు తీసే పని నాకు అప్పగించారు (ఉచితంగా తీస్తానన్నది నేనొక్కణ్ణే).

నా ఖర్మకొద్దీ అప్పుడే మ్యూజియంలో శనివారం క్లాసులకి వెళ్ళి, రెనెసాన్స్ కాలపు చిత్రకారులు ఏసు జననాన్ని ఎలా చిత్రించేవారో నేర్చుకుని ఉన్నాను. బిడ్డ కటిక నేల మీద, మరియ మోకాళ్ళ మీద, చూపులన్నీ బిడ్డ వైపే. వెలుతురు కూడా బిడ్డలోంచే రావాలి. వెనక కూలిన గోడలు పాతకాలం పోయిందనడానికి గుర్తు, కోసి కట్టిన గోధుమ పన రొట్టెకి గుర్తు. మరియ భర్త యోసేపు మాత్రం ఓ మూల చీకట్లో, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటాడు. అందర్నీ వరసగా నిలబెట్టి 'స్మైల్' అనడం తప్ప ఏమీ తెలియని మన ఫొటోగ్రాఫర్ల మీద నాకు జాలేసింది.

బారసాల రోజున హాల్లో లైట్లన్నీ ఆర్పించాను. కూలిన గోడలకి గరాజ్‌లోంచి అట్టపెట్టెలు తెచ్చి పేర్చాను, గోధుమ పన దొరక్క బియ్యం బస్తా పెట్టాను. పిల్లాణ్ణి నేల మీద పలచటి గుడ్డ పరిచి పడుకోబెట్టి, ఫోన్ టార్చి వెలిగించి ఆ గుడ్డ మడతల్లో దాచాను. వదిన పట్టుచీరతో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. అన్నయ్యని మూలకి పంపి, "కొంచెం నిద్రమొహం పెట్టన్నయ్యా" అన్నాను.

"ఏందిరా, ఫంక్షన్ మొత్తం నేను అరేంజ్ చేస్తే, ఫొటోల నేను చీకట్లనా?"

"సింబాలిజం అన్నయ్యా. ఈ కంపోజిషన్‌లో తండ్రిది అదే ప్లేస్. అసలైతే ఎద్దూ, గాడిదా కూడా ఉండాలి."

"గాడిద ఆల్రెడీ వచ్చి కెమెరా పట్టుకుంది గదా!"

ఇంతలో వంటింట్లోంచి వదిన వాళ్ళమ్మగారు వచ్చారు. "ఓరి నీ ఫొటో తగలెయ్యా! బయట మంచు కురుస్తుంటే పసిగుడ్డుని ఉత్త నేల మీద పడుకోబెడతావా?" అంటూ మనవణ్ణి లాక్కున్నారు. టార్చి దొర్లింది. నా వేలు ఉలిక్కిపడి కెమెరా నొక్కింది. ఆ బారసాల మొత్తానికి మిగిలిన ఫొటో అదొక్కటే (ఆవిడ కెమెరా కూడా లాక్కున్నారు): దేదీప్యమానంగా వెలిగిపోతున్న బియ్యం బస్తాకి వదిన భక్తిగా మొక్కుతోంది.

తర్వాతి ఆదివారం భోజనానికి ఫోన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. వంకాయ కూర పోయిందని దిగులుపడ్డాను, ఆ ఇల్లే పోయిందేమోనని భయపడ్డాను. చివరికి వదినే ఫోన్ చేసింది. "అమ్మ వంకాయ కూర చేసింది, రా. కెమెరా మాత్రం తేకు."

మొన్న మా అమ్మాయి బారసాలకి అన్నయ్యే ఫొటోలు తీశాడు. ఒకదాంట్లో మా ఆవిడ, పాప, చుట్టూ చుట్టాలు, అందరి మొహాల్లో వెలుగు. వెనక ఓ మూల చీకట్లో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నది నేనే. నన్నక్కడ ఎవరూ కూర్చోబెట్టలేదు. "కంపోజిషన్ కరెక్టేనా తమ్మీ?" అని అన్నయ్య మెసేజ్ పెట్టాడు. ఆ చిత్రకారులకి ఇంట్లో పసిపిల్లలు ఉండే ఉంటారు, క్లాసులో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. తండ్రిని మూలకి తోసిన ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వు పూర్తయ్యేలోపే మళ్ళీ కునుకొచ్చింది.