బొట్టు పెట్టిన క్యాలిక్యులేటర్

ఏడో తరగతిలో లెక్కల సారు నాకు వందకు తొమ్మిది మార్కులు వేసి, అందులో మూడు నా పేరు తప్పుల్లేకుండా రాసినందుకని చెప్పాడు. ఆయనను ఇంకా కష్టపెట్టడం ఇష్టం లేక నేను బడి మానేశాను. అలాంటి నేను పెద్ద అకౌంట్ల పరీక్షకు ఒకరిని వెంటబెట్టుకుని పోయానంటే, శ్రీరాంపూర్‌లో నా రేడియో రిపేరు దుకాణానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

పరీక్ష రాసేది నా బామ్మర్ది. బోథ్‌లో వాళ్లది పత్తి వ్యవసాయం. వాడు అప్పటికే రెండుసార్లు తప్పాడు. "ఈసారి గూడ పోతే పుస్తకాలు అటక మీద పెట్టి అరక పట్టు" అని మా మామ తేల్చేశాడు. వాడికి అరక పట్టడం రాదు. ఆ సంగతి ఎడ్లకు కూడా తెలుసు.

ఆ పరీక్షకు ఎవరి క్యాలిక్యులేటర్ వాళ్లు తెచ్చుకోవచ్చు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన చుట్టమొకాయన వాడికి ఒకటి ఇచ్చాడు. దానికి సెల్లు అక్కర్లేదు. పైన వేలెడంత నల్లపట్టీ ఉంటుంది, దాని మీద వెలుతురు పడితే నడుస్తుంది. మా అత్తకు, అంటే వాడిని కన్న అవ్వకు, ఒక పట్టింపు ఉంది. ఇంట్లోకి ఏ కొత్త పనిముట్టు వచ్చినా, నాగలైనా కుట్టుమిషనైనా, బొట్టు పెట్టందే వాడనివ్వదు. బయలుదేరే ముందు అంజన్న సింధూరాన్ని నూనెలో తడిపి, బొటనవేలితో ఆ నల్లపట్టీ మీదే అద్దింది. మిగతా చోటంతా అంకెల బొత్తాలు, నుదురులా కనిపించింది అదొక్కటే మరి. "పరీక్ష ఒడిసేదాక తుడువకు బిడ్డా, నా మీద ఒట్టు" అంది.

కరీంనగర్‌లో లాడ్జి గదిలో వాడు క్యాలిక్యులేటర్ తీసి నొక్కాడు. ఏమీ కనపడలేదు. వరండాలోకి పోయాం. ఏడు అంకె వచ్చినట్టే వచ్చి మాయమైంది. రోడ్డు మీద ఎండలో పెడితే మాత్రం అంకెలన్నీ నిక్కచ్చిగా నిలబడ్డాయి.

"తుడువురా" అన్నాను.

"అవ్వ మీద ఒట్టు బావా. అవ్వకేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?"

"మీ అవ్వకేం గాదు. మీ అవ్వను సూస్తే యముడే దారి మార్చుకుంటడు."

వాడు నవ్వలేదు. "నోటిలెక్కలు చేస్కుంట కూసుంటే టైం సాలదు బావా. పోయినసారి గట్లనే పోయింది" అన్నాడు.

హాల్లో వాడికి కిటికీ పక్కన బల్ల దొరికింది. కానీ అటువైపు నీడ, పైగా కరెంటు పోయి ఉంది. ఎండను నేను పంపుతానని వాడికి మాటిచ్చి, రోడ్డవతల కటింగ్ షాపులో అద్దం అడిగాను. ఎందుకని అడిగితే "పరీక్షకు" అన్నాను. షాపాయన నన్ను ఒకసారి కిందినుంచి పైదాకా చూసి, అద్దం ఇచ్చేశాడు.

గంట కొట్టగానే ప్రహరీ గోడ బయట నిలబడి ఎండను కిటికీలోకి కొట్టాను. మొదట గోడ మీద పడింది, తర్వాత ఎవరిదో బట్టతల మీద, చివరికి మావాడి బల్ల మీద. వాడి తల గబగబా ఊగడం మొదలైంది. నా పుట్టుకకు ఒక అర్థం దొరికిందనుకున్నాను.

అంతలో కానిస్టేబుల్ వచ్చి నా అంగీ పట్టుకున్నాడు.

"ఏందివయా, అద్దంల జవాబులు పంపుతున్నవా?"

"జవాబులు గాదు సార్, ఎండ."

"ఎండెందుకు?"

"క్యాలిక్యులేటర్‌కు. దాని నుదుటి మీద బొట్టున్నది."

ఆయన ఇంకా దగ్గరికొచ్చి నా నోరు వాసన చూశాడు.

తీసుకుపోయి పరీక్షల పెద్దసారు ముందు నిలబెట్టాడు. కళ్లజోడు పెద్దమనిషి, చర్చిలో వాక్యం చదివినంత నిదానంగా మాట్లాడాడు.

"మీరేం సదువుకున్నరు?"

"ఏడు సార్. అది గూడ పూర్తిగ గాదు."

"డిప్రిసియేషన్ అంటే ఏంది?"

"నాది రేడియోల దుకాణం సార్. గది పాడైతే తీసుకరాండ్రి, సూస్త."

పెద్దసారు కానిస్టేబుల్ వైపు తిరిగి, "గీయన జవాబులు పంపితే పిలగాడు ఖాయంగ తప్పుతడు. దీన్ని మోసమనరు" అన్నాడు. తర్వాత నిబంధనల కాగితం తెప్పించి పైనుంచి కిందిదాకా చదివాడు. "సప్పుడు రావద్దన్నరు, పక్కోనికి ఇయ్యొద్దన్నరు. ఎండ సంగతి ఏం రాయలే." కాసేపు గడ్డం గోక్కుని, "అయినా బయటి మనిషి అద్దం పట్టుడు బాగుండదు. నువ్వు పట్టు" అని కానిస్టేబుల్‌కు పురమాయించాడు.

మిగతా పరీక్షంతా సూర్యుడు జరిగినకొద్దీ జరుగుతూ ఆ కానిస్టేబులే అద్దం పట్టాడు. నేను నీడలో కూర్చుని, "జర ఎడమకు సార్, ఫికర్ చేయకుండ్రి, ఇంక గంటనే" అని సాయపడ్డాను. ఆయన నావైపు చూసిన చూపు ఎండకన్నా చురుక్కుమంది.

ఆ పేపర్లో మావాడికి వందకు సరిగ్గా యాభై వచ్చాయి. గట్టెక్కాడు. వాడి అరక తప్పింది, ఎడ్లూ బతికిపోయాయి. ఫలితం తెలిసిన వారం బోథ్‌లో అందరం అన్నాలకు కూర్చున్నాం. అంతా అంజన్న దయ అని అత్త దండం పెట్టుకుంది. నేను ఊరుకుంటానా?

"అంజన్న సరే అత్తమ్మా, ఎండ తెచ్చిందెవలు? ఆ పేపర్ల సగం మార్కులు నాయి."

బామ్మర్ది ముద్ద మింగి, నావైపు చూడకుండానే అన్నాడు.

"అవును బావా, సగం నీయే. రాని సగం."