తాడు పట్టిన వాళ్లందరం

మా మేనల్లుడు పోయాడు. రెండు వారాల కిందట పొద్దున్నే ఒడ్డున ఆడపిల్లల చేత పరుగులు తీయిస్తూ, కాస్త ఆయాసంగా ఉందని పడవ అంచు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. నలభై నాలుగేళ్లు. కబురు తెచ్చిన పిల్లని నేను నమ్మలేదు. "నన్ను ఏడిపించమని ఆడే పంపినాడేటే నిన్ను?" అని నవ్వాను కూడా. మా ఇద్దరి మధ్య అలాంటి వేళాకోళాలు చాలా నడిచాయి. పిల్ల ముఖం సరిగ్గా చూశాక చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

మీలో కొందరు వాణ్ని టీవీలో చూసే ఉంటారు. కబడ్డీలో మూలన నిలబడి, వచ్చినవాడి మడమ పట్టుకుంటే ఇంక వదిలేవాడు కాదు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. అందరం వేటకు పోయేవాళ్లమే. వాడొక్కడే చిన్నప్పటి నుంచి తడి ఇసుకలో గీతలు గీసుకుని ఆడుతుండేవాడు. 

"సేపల్ని పట్టరా అంటే మనుసుల్ని పడతన్నావేట్రా?" అని తిట్టాను ఒకసారి.

"సేప జారిపోతాది మావా, మనిసి జారడు" అన్నాడు. పదేళ్లు లేవు అప్పటికి.

నాలుగేళ్లు టీవీలో ఆడాడు. వాడు ఎవడి మడమైనా పట్టాడంటే మా ఊరి ముసలమ్మలు ఈలలు వేసేవాళ్లు. పళ్లు లేని నోటితో ఈల ఎలా వస్తుందో నాకిప్పటికీ తెలీదు.

ఇక్కడ మా ఒడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి. పెద్దవల వేసినప్పుడు రెండు తాళ్లు పట్టి ఒడ్డుకు లాగుతారు. వల ఎవరిదైనా కానీ, తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలాడొచ్చి ఊరికే పట్టుకుని నిలబడినా ఇస్తారు. ఈ పద్ధతి వల్లే మా ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు. కానీ మేం ఈ పద్ధతినే తీసుకెళ్లి వాడి ఆట డబ్బు మీద పెట్టాం. ఒకప్పుడు వాడికి బస్సు చార్జీ ఇచ్చినవాడు, పాత బూట్లు ఇచ్చినవాడు, దిష్టి తీసిన ముసలమ్మ, అందరం తాడు పట్టినవాళ్లమే. వాడు బస్సు దిగితే ముందు డప్పులు, తర్వాత దండలు, వాటి వెనకే చేతులు. ఒకరి ఇంటికి రేకులు, ఒకరి కొడుక్కి కాలేజీ ఫీజు, అమ్మవారి గుడికి రంగులు.

నాకు పడవ ఇంజను. నేనే అడిగాను. "ఏరా, టీవీలో అందరి కాళ్లూ పట్టుకుంటావు, ఈ మావ సెయ్యి పట్టుకోవేటి?" అన్నాను. నవ్వుతూ అడిగితే సిగ్గుపడక్కర్లేదు కదా. వారం తిరక్కుండా ఇంజను వచ్చింది.

వాడికీ అది తప్పనిపించలేదు. వాడూ మా ఒడ్డున పుట్టినవాడే. "రేపు మళ్లీ వలేద్దాం మావా, సముద్రం ఎక్కడికి పోతాది?" అనేవాడు. ఐదో ఏడు మోకాలు పోయింది. జట్టు వాళ్లు ఆసుపత్రికి పూలగుత్తి పంపారు, మళ్లీ పిలవలేదు. సంతకాలు చేయించిన ఏజెంటు ఫోను ఎత్తడం మానేశాడు. రెండో ఆపరేషనుకు వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. మా దగ్గరా లేదు. తినేసిన చేపను ఎవరు తిరిగిస్తారు?

ఆటగాళ్లు ఆట మానేశాక ఎందుకు చితికిపోతారంటే తాగుడనీ, జల్సాలనీ అంటారు. వాడు తాగలేదు. కారు కొనలేదు. జట్టు వాళ్ల తప్పుంది. పట్టు నేర్పారు గానీ పట్టు సడలిన రోజున ఏం చెయ్యాలో చెప్పలేదు. ఏజెంటు తప్పుంది. కానీ పెద్ద తప్పు ఒడ్డున నిలబడ్డ మాదే. సముద్రానికి ముసలితనం రాదు, మోకాలికి వస్తుంది. ఇంత చిన్న తేడా మాకు తట్టలేదు.

తర్వాత వాడు పడవలకు మంచుగడ్డలు మోసే పనిలో చేరాడు. కుంటుతూనే మోసేవాడు. ఎవరైనా గుర్తుపట్టి ఫోటో అడిగితే దాక్కునేవాడు కాదు. "తీసుకో బాబూ, గానీ బేగి తియ్యి, మంచు కరిగిపోతంది" అనేవాడు. ఇంజను మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకే ఉండబట్టలేదు.

"ఒరే, ఇంజను అమ్మీసి నీ మోకాలు బాగుసేయిద్దామేటి?"

"అమ్మీసి ఈ వయసులో తెడ్డేస్తావేటి? నీ నడుం ఇరిగితే మొయ్యాల్సింది నేనే గదా" అని మంచు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

పొద్దునా సాయంత్రం ఊళ్లో ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. "ముట్టుకుంటే అయిపోదే. ముట్టుకుని గీత దాటి ఇంటికి రావాల. రాకపోతే పాయింటు లేదు" అని అరిచే అరుపు మా వాకిట్లోకి వినపడేది. ఆ పిల్లల్లో మా మనవరాలు ఒకతి. పోయిన ఏడు దాన్ని పెద్ద జట్టులోకి తీసుకున్నారు. మొదటి డబ్బు చేతికొచ్చి ఇంటికి వస్తోందని తెలిసి ఊరంతా డప్పులతో బస్సు దగ్గరికి బయలుదేరింది. విందుకు మేకలు బేరమాడి వచ్చింది నేనే, దాని డబ్బుతో ఇవ్వొచ్చని. దారి మధ్యలో మా మేనల్లుడు చేతులు చాచి నిలబడ్డాడు.

"మావా, మేకలు ఎవలి డబ్బుతో?"

"మన పిల్లగుంట ఇస్తాది. ఊరంతా ఎత్తుకుని పెంచలేదేటి దాన్ని?"

"నన్నూ ఎత్తుకున్నారు. ఎత్తి ఎత్తి ఎక్కడ దింపినారో సూడు." లుంగీ పైకి లాగి మోకాలు చూపించాడు. కుట్ల గీతలు తెల్లగా మెరిశాయి. డప్పులు ఆగిపోయాయి.

ఈలలు వేసే ముసలమ్మ ఒకావిడ ముందుకొచ్చింది. "అయితే దాని గెలుపులో మాకు వాటా లేదేట్రా?"

"ఉన్నాది అమ్మమ్మా. గెలుపు ఎంత కావాలంటే అంత తీసుకో. డబ్బు జోలికి మాత్రం పోకు. అది వల కాదు, ఆ గుంట కాలు. కాలు కోసుకుని పంచుకుంటామేటి?"

ఇంజను సంగతి నలుగురిలో అనేస్తాడనుకున్నాను. అనలేదు. నేనే, "మేకలు నావి, అడ్డు లే" అన్నాను. 

"మేకలా? ఒకటి కొంటే గొప్ప. నీ పిసినారితనం నాకు తెలీదేటి?" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆ రోజు మా ఊరు మొదటిసారి ఒక ఆటగత్తెకు తన ఖర్చుతో అన్నం పెట్టింది. మర్నాడు వాడు పిల్లని శ్రీకాకుళం బ్యాంకుకు తీసుకెళ్లి, పదేళ్ల దాకా అది కూడా ముట్టుకోకుండా డబ్బు డిపాజిట్ వేయించి వచ్చాడు. టీవీలో వాడి పట్లు చూసి ఛాతీ విరుచుకున్న మామనే నేను. అయినా వాడి పేరెత్తితే నాకు కనపడేది ఆ మట్టిరోడ్డు మీద కుంటికాలితో అడ్డం నిలబడ్డ మనిషే. 

పోయాడని తెలిసి మనవరాలు క్యాంపు నుంచి పరుగున వచ్చింది. పెద్దకార్యం ఖర్చు తనదేనంది. వాడి పెళ్లాం ఏడుస్తూనే దాన్ని కసిరింది. "నీ డబ్బు ముట్టుకుంటే ఆయన మట్టిలోంచి లేసొస్తాడే! ఆటాడుకో, ఎల్లు." బియ్యం ఒకరు, కట్టెలు ఒకరు, చేపలు అందరూ తెచ్చారు. నేను రెండు మేకలు తోలుకొచ్చాను. పిసినారి అనడానికి వాడు లేడు.

నిన్న మనవరాలు తిరిగి వెళ్లింది. బస్సు దగ్గరికి ఊరు ఊరంతా వచ్చింది. ఒకావిడ ఎండు నెత్తళ్లు, ఇంకొకావిడ తేగలు, మరొకరు అమ్మవారి కుంకుమ, ఈలల ముసలమ్మ నలిగిన యాభై నోటు, ఎవరికి తోచింది వాళ్లు కిటికీలోంచి దాని ఒళ్లో కుక్కుతున్నారు. 

"ఇది బస్సా, సేపల బజారా?" అని కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"నీకూ ఓ పొట్లం ఇస్తాంలే, ఊరుకో" అన్నాను. బస్సు కదిలింది. సరుగుడు తోట మలుపు తిరిగే దాకా ఇంకా ఇద్దరు ముసలమ్మలు పొట్లాలు పైకెత్తి పట్టుకుని దాని వెనక పరిగెడుతూనే ఉన్నారు.