అరగని సీటు

చోడవరం చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయడానికి పూనుకుంటే, దావీదుగారు రోజూ ఉదయం ఆరింటికి తన సైకిలు వెనక టైరును బొటనవేలితో రెండుసార్లు నొక్కే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. నలభై ఏళ్ళుగా ఈ కార్యక్రమానికి విఘ్నం కలగలేదు. పెళ్ళినాడు ఆగలేదు. తుపానుకు వీధిలో స్తంభాలు ఒరిగిన నాడు ఆగలేదు. లోకమంతా తలుపులు వేసుకు కూర్చున్న కరోనా రోజుల్లో, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా, ఆగలేదు. మొదటి నొక్కు గాలి ఉందో లేదో చూడటానికి. రెండోది ఎందుకో ఆయనకూ తెలియదు. తండ్రి రెండుసార్లు నొక్కేవారు, అంతే.

తండ్రి గురించి ఆయనకు సొంతంగా గుర్తున్నది అదొక్కటే. పాస్టరు సమూయేలుగారు పోయేనాటికి దావీదుకు ఐదేళ్ళు. ముఖం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. వంగిన ఒక వీపు, టైరు మీద ఒక బొటనవేలు, అంతవరకే. మిగతాదంతా ఊళ్ళు చెప్పాయి. మిషను డాక్టరొకాయన ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోతూ తన మూడు గేర్ల టూరింగ్ సైకిలును పాస్టరుగారికి ఇచ్చారట. దాని మీద ఆయన ముప్ఫై ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పారట. అయినా గర్వం లేదు. ప్రతి ఊరి మొదట్లోనే సైకిలు దిగి, నడిపించుకుంటూ లోపలికి వచ్చేవారట. ఈ వినయం మీద రావికమతం వైపు సంఘాల్లో ఇప్పటికీ ప్రసంగాలు జరుగుతాయి.

ఇంతటి వంశ చరిత్ర ఉన్న మనిషి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా ముప్ఫై మూడేళ్ళు చేసి దిగిపోయాక, పాత సైకిళ్ళ మీద పడటంలో వింత లేదు. తుప్పు పట్టిన దూరప్రయాణాల సైకిళ్ళను ఎక్కడెక్కడినుంచో తెచ్చి, బాగుచేసి, వాటి మీద కొండల దాకా వెళ్ళి వచ్చేవారు. అలా ఆరు సైకిళ్ళు లేచి నిలబడ్డాయి. కానీ ఆయన వెతుకుతున్నది ఏడోదాన్ని.

అది కిందటేడు రావికమతంలో గోవిందరావు అనే రైతు చెరకు షెడ్డులో దొరికింది. పాస్టరుగారు పోయాక దావీదు తల్లి దాన్ని గోవిందరావు తండ్రికి ఇచ్చేసింది. ఆయన దాన్ని ఎక్కలేదు, ఎవర్నీ ఎక్కనివ్వలేదు.

“పాస్టరుగారి బండి మీద మనం కూకోడమేటని మా నాన్న తాళ్ళేసి దూలానికి కట్టించీసేడు బాబూ,” అన్నాడు గోవిందరావు. “నాకు ఊహ తెలిసినకాడ్నించీ అలాగే ఏలాడతంది. నీ తండ్రిది నువ్వు అట్టుకుపో.”

తర్వాత నాలుగు నెలలు దావీదుగారి వరండాలో కిరసనాయిలు వాసన తప్ప మరొకటి లేదు. బిగుసుకుపోయిన వెనక చక్రం ఇరుసు పది రోజులు నానింది. చువ్వలు ఒక్కొక్కటీ విప్పి, తోమి, మళ్ళీ బిగించారు. తోలు సీటుకు ఆముదం పట్టించారు.

“నా మోకాలికి ఏనాడైనా ఇంత నూని రాసేరా?” అని అడిగింది ఆయన భార్య శాలోమి.

“నీ మోకాలు ముప్ఫై ఊళ్ళు తిరిగిందేటి?”

బాగుచేసేవాడికి ప్రతి అరుగుదలా ఒక సాక్ష్యం. ఫిట్టరు కళ్ళు చూడవలసినవన్నీ చూశాయి. కేరియరు వంగిపోయి, కమ్మీలు అరిగి మెరుస్తున్నాయి. హేండిల్ ఎడమ పిడి నున్నబడింది, కుడి పిడి మీద గీతలు కూడా చెక్కుచెదరలేదు. పెడళ్ళ రబ్బరు పళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. సీటు మీద ఒక్క గుంట లేదు, వెనక అంచు మాత్రం చెమటకు నల్లబడింది. వీటన్నిటికీ ఆయన దగ్గర వివరణలు ఉన్నాయి. పెడళ్ళు మార్చి ఉంటారు. నాన్నది ఎడమచేతి వాటం అయి ఉంటుంది. సీటు సంగతి అడగనే అక్కర్లేదు: “ఇంగ్లండు తోలు. అరగదు.”

సంఘం వజ్రోత్సవం దగ్గరపడింది. ఇప్పటి పాస్టరు రాజ్ కుమార్ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆదివారం దావీదుగారు తండ్రి సైకిలు మీద రావికమతంలో బయల్దేరి, ఆరాధన మొదలయ్యే వేళకు చోడవరం గుడి ముందు దిగాలి. దిగి, తండ్రి గురించి సాక్ష్యం చెప్పాలి. ఫ్లెక్సీ కూడా కట్టేశారు. “సువార్త చక్రాలు” అని పైన, రెక్కలున్న సైకిలు బొమ్మ కింద.

గురువారం దావీదుగారు ఆ సైకిలెక్కి కె.కోటపాడు వెళ్ళారు, అక్క ఏసుమణిని పండక్కి పిలవడానికి. ఆయనకన్నా పన్నెండేళ్ళు పెద్దది. చిన్నప్పుడు తండ్రితో ఊళ్ళు తిరిగింది ఆమే. ఆవిడ అరుగు దిగి వచ్చి, వంగిన కేరియరును చేత్తో తడిమింది.

“దీని మీద ఎక్కే వచ్చేవేట్రా?”

“మరెలా వస్తాను అప్పా?”

“నాన్న సూస్తే మురిసిపోయీవోడు. నాన్నకి రాలేదు కదా.”

“ఏటి రాలేదు?”

“తొక్కడం.”

దావీదుగారు అరుగు మీద కూర్చున్నారు.

“రెండుసార్లు నేర్సుకోబోయేడు,” అంది ఏసుమణి. “రెండోసారి హార్మణీతో సహా సెరుకు తోటలో పడ్డాడు. మరింక ఎక్కలేదు. దొరగారు ఇచ్చింది వద్దంటే బాగోదు, రాదని సెప్తే నామోషీ. హార్మణీ పెట్టె కేరియరు మీద, దాని మీద నేను. ఓ సెయ్యి హేండిలు మీద, ఓ సెయ్యి సీటు ఎనకాల. ముప్ఫై ఊళ్ళూ తోసేడు. ఊరు కనపడగానే నన్ను దింపీసి, పంచె సర్దుకుని, అప్పుడే దిగినట్టు మొగం పెట్టీవోడు.”

“మరి టైరు నొక్కీవోడు కదా!”

“గాలి తగ్గితే తొయ్యడం బరువురా తమ్మీ. ఓసారి ముందు నొక్కీవోడు, ఓసారి నన్నెక్కించేక. నేను లావుగుండీదాన్ని.”

“ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?”

“నువ్వడగలేదు. అందరూ తొక్కేడనుకుంటే నాన్నకి బాగుండీది.”

ఆ సాయంత్రం ఆయన తొక్కుకుంటూ రాలేదు, నడుచుకుంటూనూ రాలేదు. సైకిలును ఆటో మీద కట్టించుకుని వచ్చారు. మర్నాడు శాలోమికి చెప్పారు.

“పాస్టరుగారికి సెప్పీండి.”

“ఏటని సెప్తాను? తొక్కుకొస్తే అబద్ధం. సైకిలు రాకపోతే, ఏటయిందని అడుగుతారు. సెప్తే గుడి ముందర నాన్న పరువు తీసినట్టు.”

శనివారం సైకిలుతో ఆటోలో రావికమతం వెళ్ళి గోవిందరావు ఇంట్లో పడుకున్నారు.

ఆదివారం ఉదయం ఆరింటికి టైరును నొక్కారు. ఖాళీ కేరియరు వైపు ఒకసారి చూసి, రెండోసారి నొక్కారు. ఎడమ చెయ్యి పిడి మీద వేశారు, కుడి చెయ్యి సీటు వెనక. నల్లబడిన అంచు మీద వేళ్ళు సరిగ్గా అమరాయి. సైకిలు తోస్తూ నడవడం మొదలుపెట్టారు. తొక్కితే గంటన్నర దారి.

సగం దారిలో షేర్ ఆటో తోలే సన్నీ పక్కన ఆపాడు.

“పంచరా తాతా?”

“కాదు బాబూ.”

“సైను తెగిందా?”

“లేదు.”

“మరేటి? బండి కొత్త పెళ్ళికూతురిలాగుంది. పైన కట్టీమంటావా?”

“వద్దు. ఇది ఇలాగే నడుస్తాది.”

చోడవరం చేరేసరికి ఆరాధన అయిపోయింది, పండగ భోజనాలు కూడా చివరికొచ్చాయి. ఎదురుచూసి ఎదురుచూసి, సాక్ష్యం రాజ్ కుమార్ గారే చెప్పేశారట; బాగా చెప్పారని అందరూ అన్నారు. వీధి మలుపులో సైకిలు తోసుకుంటూ వస్తున్న ముసలాయన్ని చూసి సంఘ పెద్దలకు కళ్ళు చెమర్చాయి.

“సూసేరా? గుడి కనపడగానే దిగిపోయేడు! అచ్చం తండ్రే!”

దావీదుగారు స్టాండు వేసి, చొక్కా సర్దుకున్నారు.

“దిగలేదండి. నేను ఎక్కనేలేదు. మా నాన్నా ఎక్కలేదు. ఆయనకి తొక్కడం రాదు.”

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “ఎంత తగ్గింపు మనసో!” అన్నారొకరు. ఆయన మళ్ళీ చెప్పబోయారు. అప్పటికే వాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోతున్నారు.

శాలోమి ఆయనకు విస్తరి వేయించింది. మాంసం అయిపోయింది. సాంబారు ఉంది.